మా కుక్క ఎందుకు పోయింది? పశువ్యాధి పాథాలజీ గురించి నల్గొండ, పాలమూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కలు, పిల్లులు, గుర్రాలు పెంచేవాళ్ళు, మంద వెంట కుక్కల్ని తిప్పే గొల్లకురుమలు, బరాత్ గుర్రాల వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ ఒకే పొడవులో లేవు. ప్రాణం మీదికి వచ్చే విషయాల దగ్గర ఎక్కువ రాయాల్సి వచ్చింది.

పాథాలజీ అంటే పోస్ట్‌మార్టమేనా?

కాదు. పోస్ట్‌మార్టం అందులో ఒక భాగం. బతికున్న కుక్క చెవి అంచు నుంచి తీసిన రక్తపు చుక్కను స్లైడ్ మీద పలుచగా పరిచి (దీన్నే స్మియర్ అంటారు) చూడడం పాథాలజీయే. గడ్డలో సూది గుచ్చి నాలుగు కణాలు లాగడం, ఆపరేషన్‌లో తీసిన గడ్డను పలుచగా కోసి రంగు అద్ది చూడడం కూడా అదే. జబ్బు వల్ల ఒంట్లో ఏ అవయవం ఎలా మారిందో చూసి, అక్కడి నుంచి వెనక్కి నడిచి కారణం పట్టుకునే పని ఇది.

మన దగ్గర ఈ పని చివర్లో గుర్తుకొస్తుంది. మూడు రోజులు సెలైన్, రెండు రకాల యాంటీబయాటిక్, ఒక స్టిరాయిడ్ అన్నీ అయ్యాక "టెస్ట్ ఏమైనా చేయిద్దామా సార్" అంటారు. అప్పటికి ఆ మందులే స్లైడ్ మీద కనిపించాల్సిన దాన్ని చెరిపేసి ఉంటాయి.

కుక్క రాత్రి చనిపోయింది. పొద్దున పోస్ట్‌మార్టం చేయించాలి. అప్పటిదాకా ఎక్కడ పెట్టాలి? డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

డీప్ ఫ్రీజర్ వద్దు. కణాల్లో నీరు గడ్డకట్టి, ఆ మంచు పలుకులు కణం గోడల్ని చీల్చేస్తాయి. తర్వాత మైక్రోస్కోప్ కింద చూస్తే జబ్బు చేసిన నష్టమేదో, మంచు చేసిన నష్టమేదో తేలదు. మామూలు ఫ్రిజ్ చల్లదనం చాలు. అది కుదరకపోతే కళేబరాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చుట్టూ ఐస్ పేర్చి, నీడలో ఉంచండి. బొచ్చు ఎక్కువున్న కుక్కైతే ముందు చన్నీళ్ళతో బాగా తడపండి. ఆ బొచ్చు ఒంటి వేడిని బయటికి పోనివ్వదు.

మే నెలలో నల్గొండలో ఎండ 44, 45 డిగ్రీలకు వెళ్తుంది. ఆ వేడిలో పేగులు, క్లోమం కొన్ని గంటల్లోనే తమ రసాలతో తామే కరిగిపోవడం మొదలుపెడతాయి. పొద్దున పోయిన కుక్కను సాయంత్రం తెస్తే పేగుల గురించి గట్టిగా ఏమీ చెప్పలేం. గుర్రం సంగతి ఇంకా కష్టం. అంత పెద్ద కడుపులో మేత పులుస్తూ వేడి పుడుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని ఎక్కడికో తరలించే కన్నా డాక్టరే అక్కడికి రావడం మేలు. దగ్గర్లో పశువైద్యశాల ఏదో తెలియకపోతే 1962కి ఫోన్ చేసి అడగండి.

చనిపోయాక తెలుసుకొని ఏం లాభం?

ఇంట్లో ఇంకో కుక్క ఉందా? పక్కింట్లో? మందలో? పోయినదాని పొట్టలో దొరికే జవాబు మిగిలిన వాటి కోసం. పోయింది పార్వోతో (కుక్కపిల్లల్లో రక్తపు విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) అయితే అదే వాకిట్లోకి వచ్చే నెల కొత్త కుక్కపిల్లను తేకూడదు. రేబిస్ అయితే దాని చొంగ అంటిన ఇంటి పిల్లలందరికీ టీకా కావాలి. కారణం తెలియకపోతే ఈ రెండు ఇళ్ళూ ఒకేలా ప్రవర్తిస్తాయి, రెండూ నష్టపోతాయి.

ఏ కళేబరాన్నైనా కోయొచ్చా? మా ఊళ్ళో కోయగలిగే మనిషి ఉన్నాడు.

వద్దు. ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతూ, హఠాత్తుగా పోయిన జీవం ఏదైనా సరే, గొర్రె, ఆవు, గుర్రం, ముందు ఆంత్రాక్స్‌ను (దొమ్మరోగాన్ని) అనుమానించాలి. కోస్తే ఆ సూక్ష్మక్రిములకు గాలి తగిలి గట్టి పెంకు కట్టుకున్న స్పోర్లుగా మారతాయి. ఆ నేలలో అవి ఏళ్ళ తరబడి ఉంటాయి. అలాంటప్పుడు డాక్టర్ చెవి నుంచి ఒక్క రక్తపు స్మియర్ తీసి చూస్తాడు, పొట్ట తెరవడు. మాంసం పంచుకునే మాట అసలే వద్దు.

రేబిస్ అనుమానం ఉన్నదాన్నీ, గ్లాండర్స్ (గుర్రాల నుంచి మనిషికి అంటే ప్రాణాంతక జబ్బు) అనుమానం ఉన్న గుర్రాన్నీ మీ అంతట మీరు ముట్టుకోవద్దు.

మమ్మల్ని కరిచిన కుక్క చనిపోయింది. రిపోర్ట్ వచ్చాక ఇంజెక్షన్ వేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ముందు గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కిరోసిన్, పసరు ఏదీ పెట్టొద్దు. నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (ముందే తయారుచేసిన యాంటీబాడీల మందు) కూడా కావాలి. ఇది చాలామంది అడగరు, అడగాలి. ల్యాబ్ రిపోర్ట్ కోసం ఒక్క రోజు కూడా ఆగొద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని కాపాడే మందు లేదు.

ఇక ల్యాబ్ చేసే పని. 1903లో అడెల్కీ నెగ్రి అనే ఇటలీ శాస్త్రవేత్త పిచ్చికుక్కల మెదడు కణాల్లో గుండ్రటి మచ్చలు చూశాడు. వాటినే నెగ్రి బాడీలు అంటారు. చాలా కాలం అవి కనిపిస్తే రేబిస్, కనిపించకపోతే కాదు అనుకున్నారు. ఆ రెండో సగమే ప్రమాదం. రేబిస్ ఉన్న మెదళ్ళన్నిట్లో అవి దొరకవు. ఇప్పుడు మెదడు ముక్కకు మెరిసే రంగు అంటించిన యాంటీబాడీలు వేసి, ఫ్లోరోసెంట్ మైక్రోస్కోప్ కింద చూస్తారు. వైరస్ ఉన్నచోట పచ్చ ఆపిల్ లాంటి ఆకుపచ్చ రంగులో మెరుస్తుంది. మెదడు కాండం, చిన్నమెదడు రెండూ తాజాగా, ఐస్‌లో అందాలి. అందుకే పిచ్చికుక్కను తలమీద కొట్టి చంపొద్దని బతిమాలతాం. మెదడు చితికిపోతే చూడడానికి ఏమీ మిగలదు.

పది రోజులు కుక్కను చూడమంటారు, ఎందుకు?

చొంగలో వైరస్ వచ్చే దశకు చేరిన కుక్క పది రోజుల్లోపే జబ్బుపడి చనిపోతుంది. పది రోజుల తర్వాత కూడా కులాసాగా తింటూ తిరుగుతుంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేనట్టే. ఈ లెక్క కుక్కకు, పిల్లికి మాత్రమే. కోతికీ, ముంగిసకూ, అడవి నక్కకూ పనికిరాదు. చూస్తున్నాం కదా అని మన టీకా ఆపేది లేదు. మిగతా డోసుల మాట పది రోజులయ్యాక ఆసుపత్రి డాక్టర్ చెప్తారు.

రక్తపు విరేచనాలు అవుతున్నాయంటే పార్వోయేనా?

కుక్కపిల్లలో ఎక్కువసార్లు అవును, ప్రతిసారీ కాదు. కొంకి పురుగులు పేగు గోడను కొరికి రక్తం తాగినా మలం నల్లగా, ఎర్రగా వస్తుంది. అలాంటి పిల్లకు నట్టల మందు, రక్తం ఇస్తే లేచి కూర్చుంటుంది. పార్వో అనుకొని వదిలేస్తే పోతుంది.

కుక్కల పార్వో కొత్త జబ్బు. 1978లో బయటపడి ఒకటి రెండేళ్ళలోనే ప్రపంచమంతా చుట్టేసింది. పిల్లుల్లో అంతకు ముందు నుంచే ఉన్న పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. వేగంగా విభజన చెందే కణాలంటే దానికి ఇష్టం. పేగు లోపలి పొరను రోజూ కొత్తగా పుట్టించే కణాలను, ఎముక మజ్జను పట్టుకుంటుంది. పోస్ట్‌మార్టంలో చిన్నపేగు బయటి పొర గరుకుగా, ఎర్రగా కనిపిస్తుంది. మైక్రోస్కోప్ కింద పేగు మొలకలు కూలిపోయి, లోపలి పొర ఊడిపోయి ఉంటుంది. ఆ పొర లేని పేగులోంచి క్రిములు రక్తంలోకి పోతాయి. ప్రాణం తీసేది చాలావరకు అదే.

మన ఇళ్ళల్లో చేసే తప్పు ఒకటి: కుక్క పోయాక వాకిలంతా ఫినాయిల్ చల్లడం. పార్వోకు కొవ్వు పొర లేదు, ఫినాయిల్ దాన్ని ఏమీ చేయదు. బట్టల బ్లీచ్ ఒక వంతుకు ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి, ముందు మలం శుభ్రంగా తీసేశాక నేల మీద పది నిమిషాలు నిలబెట్టాలి. మట్టి వాకిలైతే అదీ పూర్తిగా పనిచేయదు. నెలల తరబడి వైరస్ అక్కడే ఉంటుంది.

టీకా వేసినా వచ్చిందంటారు కొందరు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. ఒక్క డోసు వేయించి ఊరుకుంటే వేయించనట్టే.

మా కుక్క పళ్ళ మీద గుంటలు, పసుపు చారలు ఉన్నాయి. ఇది ఫ్లోరైడేనా?

నల్గొండలో ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపడాలి. మర్రిగూడ, నారాయణపూర్ వైపు బోరు నీళ్ళు తాగి మనుషులు, ఎడ్లు ఏమైపోయారో చూసినవాళ్ళం. ఎవరి పళ్ళు చూసినా ముందు అదే తోస్తుంది. కుక్క విషయంలో మాత్రం ముందు అడగాల్సింది: చిన్నప్పుడు దీనికి జ్వరం, చీమిడి, కళ్ళ పుసి వచ్చి తగ్గిందా? డిస్టెంపర్ వైరస్ శాశ్వత పళ్ళు తయారవుతున్న వయసులో వస్తే, ఎనామిల్ చేసే కణాలను చంపేస్తుంది. బతికి బయటపడిన కుక్క జీవితాంతం ఆ గుర్తు నోట్లో మోస్తుంది.

డిస్టెంపర్ ఊపిరితిత్తులతో ఆగదు. కొన్ని వారాల తర్వాత దవడ చప్పరిస్తున్నట్టు ఆడడం, ఒక కాలు తాళం వేస్తున్నట్టు అదరడం, ఫిట్స్ వస్తాయి. పాదాల మెత్తలు, ముక్కు గట్టిపడతాయి. ఊళ్ళో దాన్ని పిచ్చికుక్క అని కొట్టి చంపుతారు. కాకపోవచ్చు, కావొచ్చు కూడా. బయటి నుంచి చూసి తేల్చే మొనగాడు లేడు, మెదడు చూడాల్సిందే. డిస్టెంపర్‌లో మూత్రాశయం, ఊపిరితిత్తుల కణాల్లో గులాబీ రంగు గుళికలు కనిపిస్తాయి.

నాగర్‌కర్నూల్ వైపు దీనికి ఇంకో కోణం ఉంది. అమ్రాబాద్ పులుల అడవి అంచున చెంచు పెంటల్లో (గూడేల్లో), ఊళ్ళల్లో కుక్కలున్నాయి. ఈ వైరస్ కుక్కతోనే ఆగిపోయేది కాదు. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు కొన్నింటిలో ఇదే దొరికింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో మూడో వంతు సింహాలు దీనికే పోయాయి. అడవి అంచు ఊళ్ళల్లో కుక్కలకు టీకాలు వేయడం పులుల రక్షణలో భాగమే. కెమెరాలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు పెడితే బాగుంటుందని నా అభిప్రాయం.

పిడుదులు పట్టిన కుక్కకు ముక్కులోంచి రక్తం వస్తోంది. ప్లేట్‌లెట్లు పడిపోయాయట. డెంగీయా?

డెంగీ కాదు. గోధుమ రంగు కుక్క పిడుదు (గోమారి) ద్వారా వచ్చే ఎర్లిషియా కావొచ్చు. ఆ క్రిమి తెల్ల రక్తకణంలో మల్బరీ పండులా గుత్తిగా కూర్చుంటుంది. అదే పిడుదు బబేసియాను కూడా మోస్తుంది. అది ఎర్ర కణాల్లో ఉంటుంది, కణాలు పగిలి కుక్క పాలిపోతుంది, మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది. హెపటోజూన్ అనే మూడోది మరీ విచిత్రం: పిడుదు కుట్టడం వల్ల రాదు, కుక్క ఆ పిడుదును కొరికి మింగితే వస్తుంది.

మూడింటికీ మందులు వేరు. ఎర్లిషియాకు డాక్సీసైక్లిన్, నాలుగు వారాలు, కుక్క మూడో రోజే ఉషారుగా లేచినా ఆపకుండా. బబేసియాకు ఆ మందు సరిపోదు. బబేసియాలోనే పెద్ద రకానికి పనిచేసే ఇంజెక్షన్ చిన్న రకం మీద సరిగా పనిచేయదు. అందుకే ముందు స్మియర్, తర్వాత ఇంజెక్షన్. చెవి అంచు నుంచి చుక్క రక్తం, ఒక గాజు స్లైడ్, లీష్‌మన్ రంగు, ఓపికగా చూసే కన్ను. ఇంత చౌకైన పరీక్ష ఇంకోటి లేదు, ఇంత తక్కువ చేయించేదీ ఇంకోటి లేదు.

స్మియర్‌లో ఏమీ కనిపించకపోతే జబ్బు లేదని కాదు. పాతబడిన ఎర్లిషియాలో క్రిమి రక్తంలో దొరకదు. అప్పుడు పీసీఆర్ (క్రిమి జన్యువును వెతికే పరీక్ష) కావాలి. ఇంట్లో మాత్రం కుక్క ఒంటి మీది పిడుదుల కన్నా గోడ పగుళ్ళల్లో దాక్కున్నవే ఎక్కువని గుర్తుంచుకోండి.

ఆడకుక్కకు కింద గడ్డ, రక్తం చుక్కలు. నెలలు గడుస్తున్నా ఆగట్లేదు.

పాథాలజీ చదివినవాళ్ళకు దీని గురించి చెప్పడమంటే పండగ. వీధి కుక్కల్లో బాగా కనిపించే ఈ గడ్డను టీవీటీ అంటారు. దీన్ని వైరస్ పుట్టించదు, క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు జతకట్టేటప్పుడు అంటుకుని అక్కడ కాపురం పెడతాయి. కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే ఈ గడ్డ కణంలో అరవైకి కొంచెం తక్కువ ఉంటాయి. అంటే ఆ గడ్డ మీ కుక్క సొంత కణాలతో పెరిగింది కాదు. వేల ఏళ్ళ కింద బతికిన ఏదో ఒక కుక్క క్యాన్సర్, ఆ కుక్క పోయినా చావకుండా, ఒంటి నుంచి ఒంటికి మారుతూ నల్గొండ బస్టాండ్ దాకా వచ్చింది. 1876లోనే నోవిన్‌స్కీ అనే రష్యా పశువైద్యుడు దీన్ని ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఎక్కించి చూపించాడు.

మంచి మాట ఏంటంటే, నయమవుతుంది. స్లైడు గడ్డకు అద్ది చూస్తే గుండ్రటి కణాలు, వాటిలో బుడగలు కనిపిస్తాయి, పది నిమిషాల పని. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వారానికోసారి, నాలుగు నుంచి ఆరు వారాలు. కత్తి పెట్టాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

పొదుగు గడ్డల కథ వేరు. ఆడకుక్కల్లో అలాంటి గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్. పిల్లుల్లో పదిలో ఎనిమిదికి పైనే. చేత్తో తడిమి ఏది ఏదో చెప్పలేం. ఆపరేషన్ చేసి తీసిన గడ్డను చెత్తబుట్టలో వేస్తే, డబ్బు పెట్టి కొన్న జవాబును పారేసినట్టే. ఫార్మలిన్‌లో (ముక్క కుళ్ళకుండా కాపాడే ద్రావణం) వేసి పంపమని ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌తో చెప్పండి.

పిల్లికి జ్వరమని సగం పారాసిటమాల్ బిళ్ళ ఇచ్చాం.

ఇది చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పిల్లి లివర్‌కు ఆ మందును విరిచే శక్తి దాదాపు లేదు. రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, చిగుళ్ళు గోధుమ, నీలం రంగులోకి మారతాయి, ముఖం వాస్తుంది. విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టీన్. గంటల్లో ఇవ్వాలి.

పిల్లి పొట్టలో నీరు చేరింది. టీబీ అన్నారు, లివర్ అన్నారు.

రెండేళ్ళలోపు పిల్లి అయితే ఎఫ్ఐపీ అనే జబ్బు గురించి తప్పకుండా అడగండి. పిల్లుల పేగుల్లో పెద్దగా హాని చేయకుండా ఉండే కరోనా వైరస్, కొన్ని పిల్లుల ఒంట్లో మార్పు చెంది రక్తనాళాల చుట్టూ మంట పుట్టిస్తుంది. నాళాల్లోంచి ఊరిన నీరు గడ్డి రంగులో, జిగటగా, ప్రొటీన్ నిండి ఉంటుంది. (ఇది మనుషుల కోవిడ్ వైరస్ కాదు, భయపడొద్దు.) 2019 దాకా ఈ పేరు వినిపిస్తే పిల్లిని వదులుకోవడమే. ఆ ఏడు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) వాళ్ళు జీఎస్-441524 అనే మందుతో చాలా పిల్లులు కోలుకున్నాయని ప్రకటించారు. అందుకే ఇప్పుడు నిర్ధారణకు విలువ పెరిగింది.

మాది బరాత్ గుర్రం. గ్లాండర్స్ పరీక్ష అంటే పెండ్లిళ్ళ సీజన్‌లో పని పోతుందని టెన్షన్. తప్పించుకోవచ్చా?

తప్పించుకోవద్దు. గుర్రం ముక్కులో పుండ్లు, జిగట చీమిడి, కాళ్ళ మీద వరసగా గడ్డలు చితికి కారడం దీని లక్షణాలు. మనిషికి అంటితే ప్రాణాంతకం. అంటేది ముందుగా దాన్ని తోమే, మేత వేసే మీకే. 2009 నాటి అంటువ్యాధుల నివారణ చట్టం కింద దీన్ని ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. రక్తం నుంచి తీసిన సీరం హర్యానాలోని హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది. ఉందని తేలితే వైద్యం లేదు, గుర్రాన్ని నొప్పి తెలియకుండా చంపుతారు. పరిహారం ఉంది, దానికి కాగితాలు సరిగా ఉండాలి. గాడిదలకూ ఇది వర్తిస్తుంది.

జ్వరం వస్తూ పోతూ, పొట్ట కింద, కాళ్ళల్లో వాపు ఉండి చిక్కిపోతుంటే సర్రా అనే రక్తపు క్రిమి జబ్బు కావొచ్చు. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో (ఇప్పటి పాకిస్తాన్) గ్రిఫిత్ ఇవాన్స్ గుర్రాలు, ఒంటెల రక్తంలో ఈ క్రిమిని పట్టుకున్నాడు. జోరీగలు దీన్ని మోస్తాయి. జ్వరం ఉన్నప్పుడే రక్తం తీయాలి, తగ్గాక తీస్తే దొరకదు. కుక్కకూ వస్తుంది, ఒక కన్ను పాలలా తెల్లబడడం దానికొక గుర్తు.

ఎవరో విషం పెట్టారు. నిరూపించాలంటే?

ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, తర్వాత పోస్ట్‌మార్టం. ఈ వరస తప్పితే కేసు నిలబడదు. కడుపులోని పదార్థం, లివర్, మూత్రపిండం వేర్వేరు డబ్బాల్లో పెట్టి, సీలు వేసి, పోలీసుల ద్వారానే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పోవాలి. వీటిలో ఫార్మలిన్ చుక్క కూడా పడకూడదు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును విషం పెట్టి చంపితే ఐదేళ్ళ వరకు జైలు పడొచ్చు.

అయితే పగ ఉన్న ఊళ్ళో ప్రతి హఠాన్మరణమూ విషమే అనిపిస్తుంది. గుళికల మందు తిన్న కుక్క చొంగ కారుస్తూ, కంటిపాప చిన్నదై, వణికి పోతుంది. పాలమూరు రాళ్ళ నేలల్లో చిన్న పింజరి కాటు, ఎండలో కట్టేస్తే వడదెబ్బ, కడుపు మెలిపడడం, ఇవన్నీ కూడా గంటల్లో ప్రాణం తీసేవే. పొరుగువాడి మీద నింద వేసే ముందు పొట్ట తెరిచి చూడడం మంచిది.

శాంపిల్ ఎలా పంపాలి?

డాక్టరే తీస్తారు, మీరు చూసుకోవాల్సినవి కొన్ని. ముక్క సెంటీమీటరుకు మించి మందం ఉండొద్దు, లేకుంటే ఫార్మలిన్ లోపలికి దిగేలోపే మధ్యభాగం కుళ్ళుతుంది. దుకాణంలో దొరికే ఫార్మలిన్ ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు. ముక్కకు పదింతలు ద్రావణం. వెడల్పు మూతి సీసా వాడండి. ఇరుకు మూతి సీసాలో మెత్తగా దూరిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు. సీసా పగలగొట్టాల్సి వస్తుంది. రక్తపు స్లైడ్లు ఫార్మలిన్ సీసాతో ఒకే డబ్బాలో పెట్టొద్దు, ఆ ఆవిరికి రంగు సరిగా పట్టదు.

వెంట ఒక కాగితం పెట్టండి: వయసు, టీకాలు, ఎప్పటి నుంచి జబ్బు, ఏ మందులు వాడారు. "కుక్క, చనిపోయింది" అని మాత్రమే రాసిన శాంపిల్‌తో ఎంత పెద్ద ప్రొఫెసరైనా సగం గుడ్డివాడే.

ఎక్కడికి పంపుతారు? రిపోర్ట్ ఇన్ని రోజులెందుకు?

పాలమూరు వాళ్ళకు హైదరాబాద్ వచ్చే దారిలోనే రాజేంద్రనగర్ ఉంది. అక్కడి పశువైద్య కళాశాల పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. ఏ పరీక్ష చేస్తున్నారో, ఫీజు ఎంతో వెళ్ళే ముందే ఫోన్‌లో అడగండి. రక్తపు స్మియర్ అదే రోజు తేలుతుంది. కణజాలం ముక్క మాత్రం ఫార్మలిన్‌లో ఒకటి రెండు రోజులు నాని, ఆల్కహాల్‌లో నీరు వదిలి, మైనంలో బిగిసి, మిల్లీమీటరులో రెండు వందలవ వంతు మందాన తెగి, రంగు పడ్డాకే మైక్రోస్కోప్ కిందికి వస్తుంది. వారం పట్టడం మామూలే. "కారణం తేలలేదు" అని వచ్చే రిపోర్టులూ ఉంటాయి, ఎక్కువగా కుళ్ళిన శాంపిళ్ళవి.

మా కుక్క శాంపిల్‌ను పరిశోధనకు వాడతారా?

మీరు ఒప్పుకుంటే వాడొచ్చు, పీజీ విద్యార్థుల థీసిస్‌లు చాలావరకు ఇలా వచ్చిన ముక్కలతోనే నడుస్తాయి. మీ పేరు అందులో ఉండదు. బతికున్న జంతువుల మీద ప్రయోగాలైతే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఎథిక్స్ కమిటీ అనుమతి వేరుగా కావాలి.

ఒప్పుకోమనే నేను చెప్తాను. ల్యాబ్‌కు చేరేవి ఎక్కువగా నగరం పెంపుడు కుక్కలు, లాబ్రడార్లు, పగ్‌లు. దేవరకొండ గుట్టల్లో మంద వెంట తిరిగే కుక్క, గద్వాలలో బండి లాగే గుర్రం ఏ జబ్బుతో పోతున్నాయో పుస్తకాల్లోకి రావాలంటే, అక్కడి నుంచి శాంపిల్ రావాలి.

పోస్ట్‌మార్టం అయ్యాక పూడ్చడం ఎలా?

ఆరడుగుల గుంత, బాయికి, బోరుకు, చెరువుకు దూరంగా. మీద సున్నం చల్లి మట్టి బాగా తొక్కండి, వీధి కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చండి. చెత్త కుప్పలో, కాలువలో వేయొద్దు. ఆంత్రాక్స్ అనుమానమైతే చోటు, లోతు పశువైద్యాధికారి చెప్పినట్టే చేయాలి. కుక్క పడుకున్న గోనెసంచి, తాడు, మట్టి మూకుడు కూడా ఆ గుంతలోనే వేసేయండి.